కొడుకు తాగని బొండం

ఆ యేడు పంద్రాగస్టు శుక్రవారం పడింది. మర్నాడు కృష్ణాష్టమి, ఆ మర్నాడు ఎలాగూ ఆదివారమే. మూడు రోజులు వరసగా సెలవులు రావడంతో, గాజువాకలో వెల్డింగు పని చేసుకునే ధనుంజయ పెళ్ళాన్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని తల్లి దగ్గరకు బయల్దేరాడు.

కాసులమ్మకి ఆ కబురు పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుండగా అందింది. చేతులు చీరకి తుడుచుకుని ఫోనెత్తితే అవతల పెద్ద మనవరాలు ఇందు.

"నానమ్మా, రేపొస్తున్నాం. సముద్రానికి తీసుకెళ్తావా?"

"తీసుకెల్తాను తల్లీ. ముందల మీరు రండి!" అని ఫ్యాక్టరీ అంతా తిరిగి చూసేలా అరిచింది కాసులమ్మ. రెండు రోజులు పనికి రానని మేస్త్రీకి చెప్పేసి, సాయంత్రం ఇంటికొస్తూ దారిలో రాలిన తాటిపళ్ళు ఏరుకుని ఒడిలో కట్టుకుంది.

వాళ్ళ ఊరు మందస అవతల, ఉద్దానంలో. గెడ్డ వాగు దాటితే సముద్రం. భర్త కూర్మనాథం కొబ్బరి రైతు. కిడ్నీ జబ్బుతో మంచాన పడి ఉండగానే తిత్లీ తుఫాను వచ్చి తోటని నేలమట్టం చేసింది. మంచం గుమ్మంలోకి వేయించుకుని, పడిపోయిన చెట్లవైపు చాలాసేపు చూసి, "పోన్లే, నాతోపాటే పోనాయి" అన్నాడు. నెల తిరక్కుండా ఆయనా పోయాడు. పెరట్లో నిలబడ్డ నాలుగు చెట్లే మిగిలాయి. ఆ తర్వాతే కాసులమ్మ ఫ్యాక్టరీ పనికి కుదిరింది. మొగుడు పోయాడని కూర్చుని ఏడ్చే తీరిక ఆ ఊళ్ళో ఏ ఆడదానికీ ఉండదు. ఈ వీధిలో ఒకరు, ఆ వీధిలో ఒకరు, ఆ జబ్బుతో అలా పోతూనే ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆటో గుమ్మంలో ఆగింది. చిన్నది గౌతమి దారిపొడుగునా వాంతులు చేసుకుని వాడిపోయి ఉంది. దాన్ని భుజాన వేసుకుని కాసులమ్మ కొడుకు మొహం చూసింది. బుగ్గలు నిండి, కళ్ళ కింద ఉబ్బుగా ఉంది. ఒళ్ళు చేశాడనుకుని మురిసిపోయింది.

"భాను నీకు తిండి బాగానే ఎడతంది. ఇన్నాళ్ళకి మడిసిలా కనపడ్డావు" అంది.

కోడలు భానుప్రియ నవ్వలేదు. కాళ్ళు కడుక్కునే వంక పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున్నే అందరూ సముద్రానికి వెళ్ళారు. పిల్లలిద్దరూ కెరటం వస్తే వెనక్కి, కెరటం పోతే ముందుకి పరుగులు. కాసులమ్మ చీర ఎగ్గట్టి వాళ్ళ చేతులు పట్టుకుని నీళ్ళలో నిలబడింది. ధనుంజయ మాత్రం ఇసకలో నాలుగు బారలు నడిచేసరికే ఆయాసపడి, ఒడ్డుకి లాగిన బోటు నీడన కూలబడ్డాడు. ఈ ఇసకలోనే పుట్టి పెరిగిన కుర్రాడు. పట్నం పోయి మెత్తబడిపోయాడనుకుంది తల్లి. అప్పుడే వల దించుతున్న వాళ్ళ దగ్గర కానాగంత చేపలు కొని ఇంటికొచ్చారు.

ఎండ నెత్తిమీదకొచ్చింది. పక్కింటివాణ్ణి చెట్టెక్కించి బొండాలు దింపించింది కాసులమ్మ. కత్తితో చెక్కి మొదటిది కొడుక్కి అందించింది.

"పిల్లలకియ్యమ్మా" అన్నాడు.

ఇచ్చింది. ఇంకోటి చెక్కింది.

"నాకొద్దులే. జలుబు చేసింది."

"బొండం నీల్లకి జలుబేట్రా? సిన్నప్పుడు జొరమొస్తే నీకవే పట్టేదాన్ని. తాగు!"

కాదనలేక చేతిలోకి తీసుకున్నాడు. కాసులమ్మ మూడోది చెక్కుతూ ఓరకంట చూసింది. భానుప్రియ వచ్చి మొగుడి చేతిలో బొండం తీసుకుంది. తను తాగలేదు. నెమ్మదిగా మందారం మొదట్లో వంపేసింది.

కాసులమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

కిడ్నీలు పోయినవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగకూడదు. తోట నిండా కాయలు వేలాడుతున్నా కూర్మనాథానికి చుక్క దక్కలేదు. ఆఖరి రోజుల్లో "ఒక్క గుక్క ఇయ్యవే" అని చిన్నపిల్లాడిలా అడిగితే, డాక్టరు వద్దన్నాడని మొహం తిప్పుకున్న మనిషి ఆవిడ. అలాంటి ఇంట్లో ఎవరైనా బొండం పారబోశారంటే ఎందుకో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కత్తి పక్కన పెట్టి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. "కాలికి ఇసకంటుకుందిరా" అని దులుపుతున్నట్టు దులుపుతూ, ముంగాలు ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలింది. నొక్కిన చోట గుంట పడింది. అది పైకి లేవలేదు. అలాగే ఉండిపోయింది. ధనుంజయ ఆ గుంటనీ తల్లినీ చూసి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మా..."

"ఊ."

పిల్లలు అక్కడే ఉన్నారు. "నానమ్మా, ఇందులో మీగడ తియ్యవా?" అని గౌతమి బొండం చిప్ప పట్టుకొచ్చి ఒళ్ళో పెట్టింది.

ఆ సాయంత్రం కాసులమ్మ తాటిపండు పిసికి రొట్టె కాల్చింది. పిల్లలు మొహాలకీ జుట్టుకీ పసుప్పచ్చటి గుజ్జు పూసుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటే తనూ నవ్వింది. ధనుంజయ చేప ముక్క కంచం అంచుకి తోసేసి, మజ్జిగలో ఉప్పు వేసుకోకుండా తిని లేచాడు. ఇప్పుడు అవన్నీ ఆవిడ కంట్లో పడుతున్నాయి.

ఆదివారం తెల్లవారాక కోడలు కుళాయి దగ్గర అంట్లు తోముతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాల్లయిందే?"

భానుప్రియ బూడిద చేతుల్తోనే మొహం కప్పుకుంది. "ఉగాది ముందు బయటపడింది అత్తయ్యా. రెండూ పాడైపోయాయన్నారు. ఇంక డయాలసిస్ మొదలెట్టాలట. ఎవరైనా అయినవాళ్ళు కిడ్నీ ఇస్తే మార్చొచ్చంటున్నారు. నాది సరిపడలేదు. మిమ్మల్నడుగుదామనే ఈ సెలవులకి బయల్దేరదీశారు. తీరా వచ్చాక, అమ్మతో అనొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

కాసులమ్మ లేచి పెరట్లోకి నడిచింది. ధనుంజయ కొబ్బరిచెట్టుకి ఆనుకుని నేలమీద కూర్చున్నాడు.

"ఒరే, నాదొకటి తీస్కో."

"ఊరుకోమ్మా."

"ఏటూరుకునీది? మీ నాన్నకిత్తానంటే నన్ను సూసి నవ్వీసినాడు. నువ్ నవ్వకు. నాకు రెండెందుకురా? పిక్కలు కొట్టుకోడానికి ఒకటి సాలదా?"

ధనుంజయ మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. "అడగడానికే వచ్చేనమ్మా. నిన్ను సూసేక నోరు రానేదు. పిల్లల్ని సూపించి అడుక్కోడానికి వొచ్చినట్టుంది నాకు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. అతని తల నిమురుతూ నిలబడింది.

ఆ మధ్యాహ్నమే రెండు చీరలు సంచిలో కుక్కుకుని వాళ్ళతో బయల్దేరింది. నానమ్మ తమ ఇంటికి వస్తోందని పిల్లలకి పట్టపగ్గాల్లేవు. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. గౌతమి ఒళ్ళో ఎక్కి, బీచీ, రామకృష్ణ మిషనూ, రోప్‌వే, ఏవేం చూపించాలో వేళ్ళు మడిచి చెప్పుకుపోయింది. కాసులమ్మ ఊకొడుతూనే ఉంది. ఏ పక్క కోస్తారో, కోశాక ఎన్నాళ్ళకి పిక్కలు కొట్టనిస్తారో ఆలోచిస్తోంది. భయం వేయలేదు. కూర్మనాథం పోయాక మొదటిసారి, తన చేతిలో ఇంకా ఏదో ఉందనిపించింది.

విశాఖలో రక్తం తీశారు, స్కానింగులు తీశారు. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, కుర్చీ దగ్గరకి లాక్కుని నెమ్మదిగా చెప్పాడు.

"మీరివ్వడానికి లేదమ్మా. మీకూ మొదలైంది."

"ఏటి మొదలయినాది?"

"మీ అబ్బాయికొచ్చిందే."

"నాకే నొప్పీ నేదు బాబూ! రోజూ పనికెల్తన్నాను."

"మొదట్లో నొప్పుండదమ్మా. ఇప్పట్నుంచీ మందులు వాడితే కొన్నేళ్ళు ఆపొచ్చు."

ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"పోనీ సగం పాడయినదయినా పెట్టండి బాబూ. ఉన్నన్నాల్లే పని సేత్తాది. ఆడు కుర్రోడు, పిల్లలు సిన్నోల్లు."

ధనుంజయే వచ్చి ఆ చేతులు కిందికి దించి బయటకు నడిపించుకెళ్ళాడు.

దసరా నాటికి డయాలసిస్ మొదలైంది. గ్యాస్ సిలిండరు కదపలేనివాడు వెల్డింగేం చేస్తాడు? అద్దె ఇల్లు ఖాళీ చేసి అందరూ ఊరికి వచ్చేశారు. ధనుంజయ పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. భానుప్రియ అత్తగారి పక్కనే పీట వేసుకుని పిక్కలు కొట్టడం నేర్చుకుంది. పిల్లల్ని ఊరి బళ్ళో వేశారు. పొయ్యిమీద ఉప్పు లేని కూర ఒకటి, ఉప్పున్న కూర ఒకటి.

చలికాలంలో ఊళ్ళో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. భానుప్రియ పిల్లలిద్దర్నీ తీసుకెళ్ళింది. ఆ ఫలితం వచ్చేవరకూ కాసులమ్మకి పని మీద ధ్యాస లేదు. పిక్క బదులు వేలు కొట్టుకుంది. ఇద్దరికీ బాగానే ఉందని తెలిసిన పూట గోడకి జారబడి, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక కోడల్ని పిలిచింది.

"గుంటలిద్దర్నీ మీ అమ్మోలింటికి పంపీ."

భానుప్రియ పుట్టిల్లు బొబ్బిలి. "ఎందుకత్తయ్యా?"

"నీల్లో, మట్టో, ఏటో ఎవలికీ తెల్దు. బాగున్నప్పుడే పంపీ. ఈ ఇంట్లో ఇంకొకలికి రావొద్దు."

"పిల్లల్లేకుండా ఆయన ఉండలేరు."

"ఉంటాడు. నాను సెప్తాను."

"మీరుండగలరా?"

కాసులమ్మ వేలికి చుట్టిన గుడ్డ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది.

ఆదివారం భానుప్రియ తమ్ముడు వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళాడు. గౌతమి ఆటో ఊచలు పట్టుకుని ఏడ్చింది. ఇందు ఏడవలేదు, ఎవరివైపూ చూడలేదు. ఆటో మలుపు తిరిగేదాకా ధనుంజయ గుమ్మంలో నిలబడలేక అరుగుమీద కూర్చుని చెయ్యి ఊపాడు.

సోమవారం అతనికి డయాలసిస్. పొద్దున్నే అతన్ని ఆటో ఎక్కించి, అత్తాకోడళ్ళిద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు.