కానుగ కొమ్మ

ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టాక నాకదే మొదటి వానాకాలం. ఆ ఉదయం కొత్తగూడ దగ్గర రోడ్డంతా పిక్కల లోతు మురికినీళ్లు. మధ్యలో ఒక కానుగ కొమ్మ పైకి పొడుచుకొచ్చి ఉంది. రాత్రి గాలికి విరిగిపడిందనుకున్నాను. చెట్టు కూలినా తీసే దిక్కులేదు ఈ ఊళ్లో అని తిట్టుకుంటూ సైకిల్ దిగి లాగాను. లాగుతుంటే పొడుగ్గా వస్తూనే ఉంది. అప్పుడైనా అనుమానం రాలేదు. ఫుట్‌పాత్ మీద పడేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

అంతలో మలుపు తిరిగి సైకిల్ మీద వచ్చిన ఒక సెక్యూరిటీ గార్డు సరిగ్గా అక్కడే ముందు చక్రంతో సహా కూరుకుపోయాడు. అది మూతలేని మ్యాన్‌హోల్. నీళ్లు నిండితే కనబడదని చుట్టుపక్కల వాళ్లెవరో గుర్తుగా కొమ్మ గుచ్చి పెట్టారు. నీళ్లలో కొమ్మ కనిపిస్తే కింద గుంట ఉన్నట్టేనని ఇక్కడ అందరికీ తెలుసు, నాకే తెలియలేదు.

చంకల్లో చేతులు పెట్టి పైకి లాగాను. అతని కుడిచేయి మణికట్టు దగ్గర వేలాడిపోతోంది. ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, అదే కొమ్మను తెచ్చి మళ్లీ గుంటలో గుచ్చాను.

“మంచి పని చేసినవన్నా. జర ముందే ఎవలన్న పెడితే నేను పడకపోతుంటి” అన్నాడతను.

“అవును” అన్నాను.