రాగిపిండిలో బావి

యుద్ధం రోజుల్లో చిత్తూరు నుంచి ఐరాలకు పెట్రోలు దొరక్క బొగ్గులతో నడిపే బస్సులో వెళ్తున్నాను. పక్కన గడ్డపారతో బావులు తవ్వే పెద్దాయన కూర్చున్నాడు. మా చేనులో బావి మేమే తవ్వుకుంటున్నామని గొప్పగా చెప్పాను.

"తీసిన మన్ను యాడ పోస్తా ఉండారప్పా?"

"ఒడ్డునే. దూరం మోసే పని లేదు."

ఆయన ఒళ్లోని రాగిపిండి సంచి విప్పి, వేళ్లతో గుంత తీసి, అందులో వేరుశెనగ గింజ నిలబెట్టాడు. తీసిన పిండిని గుంత అంచునే కుప్ప పోశాడు. బస్సు ఒక్క కుదుపు కుదిపింది. పిండి జారి గింజను కప్పేసింది.

"అది నువ్వేనప్పా!" అని పగలబడి నవ్వాడు. గింజను వెతికి తీసి, ఊది, నా చేతిలో పెట్టాడు. "దీన్నంటే తీసినాం. తిను."

ఇంటికి చేరగానే, బావిలోకి దిగబోతున్న తమ్ముణ్ణి ఆపి, మన్నంతా దూరంగా మోయించాను. మోసినంతసేపూ వాడు నన్ను తిట్టాడు. ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు.