ఓరిన్ టకెట్ యాంటెన్నా

ఓరిన్ టకెట్ అరవకుండా మాట్లాడగా ఆ ఎడారిలో ఎవరూ వినలేదు. ఉప్పు అందించమని అడిగినా కొండ విరిగి మీద పడుతోందని హెచ్చరిస్తున్నట్టే ఉంటుంది.

గ్వెన్‌కి అతను తగిలింది అరిజోనా రహదారి పక్కన, పెట్రోలు బంకులో. భర్త రస్ పోయాక అతని మోటార్‌హోమ్‌ని, ఇల్లంత బండిని, మొదటిసారి ఒంటరిగా నడుపుకుంటూ వస్తోంది. బంకులోంచి కదలబోతుంటే ఎవరో బండిని దబదబా బాదారు. కిటికీ దించింది. మొక్కజొన్న పీచులాంటి మీసాలు, మాసిన టోపీ, నిప్పులు కక్కే కళ్ళు.

"అమ్మాయ్! దేవుడు నీకు కళ్ళెందుకిచ్చాడు? మెట్టు బయటికి వేలాడుతోంది! ఎవడి కాలు విరగ్గొడతావు?"

అరవై ఆరేళ్ళ గ్వెన్‌ని అమ్మాయ్ అన్నవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. "మర్యాదగా చెప్పచ్చుగా!" అంది.

"మర్యాదగా చెప్పేలోపు వెళ్ళిపోతావు!"

ఆమె దిగి, మెట్టు లోపలికి తోసి, తలుపు ధడాలున వేసి, దారి పొడుగునా తిట్టుకుంటూ నడిపింది. ఓరిన్‌ని కొంచెం, రస్‌ని ఎక్కువ. మెట్టు మడిచే పని రస్‌ది. పోతే పోయాడు, ఆ సంగతి చెప్పి పోవద్దూ?

ఏటా జనవరిలో మోటార్‌హోమ్‌ల వాళ్ళంతా కరెంటు తీగ, నీళ్ళ కుళాయి లేని ఆ ఎడారి రాళ్ళనేల మీద చేరతారు. గ్వెన్ చేరింది బండి అమ్మడానికి. అమ్మేసి తన ఇంటి మేడమీద గదిలో ఉండిపొమ్మని కూతురు తేల్చేసింది. కాదనడానికి గ్వెన్‌కి కారణం దొరకలేదు. మౌనం కోసం ఎడారికి వెళ్ళామని పూర్వపు యాత్రికులు ఎందరో రాసుకున్నారు. వాళ్ళ పక్కన ఓరిన్ బస చేసి ఉండడు. గ్వెన్ పక్కన చేశాడు.

మిగతావాళ్ళంతా వెన్నపూసలు. "నువ్వు కూర్చో తల్లీ, మేం చూసుకుంటాం" అంటూ ఆమె చేతిలోంచి నీళ్ళ గొట్టం లాక్కునేవారు, సుత్తి లాక్కునేవారు. రోగిని పలకరించే గొంతుతో మాట్లాడేవారు. మూడోసారి ఎవరో కుర్చీ వేసేసరికి ఆ కుర్చీ ఎత్తి విసిరేయాలనిపించింది.

ఓరిన్ మాత్రం దేన్నీ ముట్టుకోడు. చేతులు కట్టుకుని నిలబడి అరుస్తాడు.

"ఎడమ టైరు కింద దిమ్మ పెట్టు! ఇంకోటి! దిమ్మంటే చెక్క, దిండు కాదు!"

"ఓ చెయ్యి వెయ్యకూడదా?"

"నా బండా అది?"

ఆమె పళ్ళు నూరుకుంటూ బండి సమంగా నిలబెట్టింది. సోలార్ పలకల మీద దుమ్ము ఉంటే అరిచాడు. అంట్లు తోముతుంటే, "అన్ని నీళ్ళా? చేపల్ని పెంచుతున్నావా?" అన్నాడు.

"నిన్ను ముంచుదామని!" అంది గ్వెన్.

శనివారం కొనేవాడు వచ్చాడు. చక్కగా నవ్వే మనిషి. "ఇంత బండి ఆడవాళ్ళకి బరువే లెండి" అంటూ ఎండకు వేసే పందిరిగుడ్డని పట్టుకుని లాగాడు.

"దేవుడు నీకు కళ్ళెందుకిచ్చాడయ్యా?" గ్వెన్ గొంతుకి పక్క గుడారంలో కుక్క లేచింది. "గడియ తియ్యకుండా లాగితే చిరగదూ? వదులు! బండి అమ్మను, ఫో!"

అన్నాక ఆమే ఉలిక్కిపడింది. పక్క బండి కిటికీలో మొక్కజొన్న మీసాలు కదిలాయి. అరుపు మాత్రం వినబడలేదు.

ఆ సమూహంలో విడిపోయేటప్పుడు వీడ్కోలు చెప్పుకోరు. "దారిలో కలుద్దాం" అంటారు. ఓరిన్ అదీ అనకుండానే ఆదివారం పొద్దున ఇంజన్ లేపాడు. బండి కదిలింది. పైన టీవీ యాంటెన్నా మడవకుండా నిటారుగా నిలబడి ఉంది. అలాగే రోడ్డెక్కితే మొదటి చెట్టుకొమ్మకే విరుగుతుంది.

గ్వెన్ కాఫీ కప్పు పారేసి పరుగెత్తి బండిని రెండు చేతులా బాదింది. "ఓరిన్! దేవుడు నీకు కళ్ళెందుకిచ్చాడు? యాంటెన్నా!"

బండి ఆగింది. అతను దిగి పైకి చూశాడు. "మర్యాదగా చెప్పచ్చుగా!"

"మర్యాదగా చెప్పేలోపు వెళ్ళిపోతావు!"

అతను గొణుక్కుంటూ వెనక నిచ్చెన ఎక్కాడు. అటు పక్క బండిలో ఉండే బోనీ గ్వెన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "వాడికి టీవీయే లేదు. ఆ యాంటెన్నా విరిగి ఏళ్ళయింది. ఇందాక పైకెక్కి, బూతులు తిడుతూ, చీపురుకర్ర ఊతం పెట్టి మరీ నిలబెట్టాడు. పిచ్చి ముదిరిందనుకున్నా."

ఓరిన్ చీపురు చంకలో పెట్టుకుని దిగాడు.

"అదేమిటి?" అంది గ్వెన్, నవ్వు ఆపుకుంటూ.

"నా బండి, నా చీపురు!"

అంతే. చెయ్యి ఊపలేదు, వెనక్కి చూడలేదు. విసవిసా నడిచి వెళ్ళి, తన మెట్టు తనే తన్ని మడిచి, తలుపేసుకున్నాడు.

గ్వెన్ తన బండి వైపు తిరిగింది. మొట్టమొదట మెట్టు చూసుకుంది. లోపలే ఉంది.