లాభం, రెండు, మూడు, గోడ

ఆ రోజుల్లో మా మెదక్‌లో ఎవరికైనా ఈత వచ్చిందంటే ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవారు కాదు, ఎవరి బావిలో అని అడిగేవారు. ఏ బావిలో నేర్చుకుంటే ఆ బావి ఈతే వస్తుంది మరి. నేను నేర్చుకున్నది కుల్చారం దారిలో మా పొలంలో ఉన్న గుండ్రటి బావిలో. (గుండ్రటి అని ఎందుకు నొక్కి చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.) ఇప్పుడు మెడలో విజిల్ వేసుకుని, పిల్లల చేత కోచ్ మేడం అనిపించుకుంటూ తిరిగే నన్ను చూసినవాళ్లు, నేను చిన్నప్పుడే ఏదో గొప్ప గురి పెట్టుకుని వెల్లకిలా ఈతను ఎంచుకున్నానని అనుకుంటారు. నేనేమీ ఎంచుకోలేదు. నా వీపు మీద లేచిన సెగగడ్డ ఎంచుకుంది.

అది ఆరో తరగతి ఎండాకాలం సెలవుల్లో. నాన్న తమ్ముడు, మా చిన్నాయన, పొలం చూసుకుంటూ ఉండేవాడు. మా ఇంటి పిల్లలందరికీ ఈత నేర్పే బాధ్యత ఆయనదే. ఆయన పద్ధతి చాలా సులువు. అయిదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు మూత గట్టిగా బిగించి, పిల్ల వీపుకు తాడుతో కట్టి, బావిలోకి తోసేయడమే. డబ్బా పైకి తేలుతుంది, పిల్ల బోర్లా కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంది, నాలుగు రోజుల్లో ఈత వచ్చేస్తుంది. నా వంతు వచ్చేసరికి వీపు మీద గడ్డ. తాడు తగలగానే ఊరంతా వినపడేలా అరిచాను. చిన్నాయన కాసేపు ఆలోచించి, "వీపుకు కాకపోతే కడుపుకు కడ్తం బిడ్డా. ముందట ఉన్నదో ఎనుక ఉన్నదో డబ్బాకేం ఎరుక?" అని కట్టి తోసేశాడు. డబ్బాకు ఎరుకే. నన్ను ఒక్కసారిగా తిప్పి, ఆకాశం చూసేలా పడుకోబెట్టింది. పది రోజుల్లో గడ్డ మానింది కానీ నేను మాత్రం మళ్లీ బోర్లా తిరగలేదు. ముక్కులోకి నీళ్లు పోవు, పైన గిజిగాడి గూళ్లు కనబడతాయి, ఇంతకన్నా సుఖం ఏముంటుంది? ఒకసారి సద్ది తెచ్చిన అమ్మ, కళ్లు మూసుకుని తేలుతున్న నన్ను చూసి శోకం అందుకుంది. నేను బతికే ఉన్నానని తెలిశాక వీపు మీద రెండు వేసి, "ఈదితే మంచిగ ఈదు, గిట్ల ఎల్లెలుకల తేలుతె సూసెటోళ్ల పాణం పోతది" అంది. ఎల్లెలుకల ఈత అనే పేరు అలా ఇంట్లో స్థిరపడిపోయింది.

తొమ్మిదో తరగతిలో మా బడి పీఈటీ సార్ పోటీలకు పేర్లు రాసుకుంటూ, "ఈతల ఎవరన్న ఉన్నరా?" అని అడిగితే చెయ్యెత్తాను. జిల్లా మొత్తం మీద ఆడపిల్లల బ్యాక్‌స్ట్రోక్‌కు పేరిచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక ఈదకుండానే జిల్లా ఫస్ట్ వచ్చాను. ఇక రాష్ట్ర పోటీలకు చిన్నాయన, సార్, నేను నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కాం. అక్కడ ఈతకొలను చూసి నాకు మొదట తోచిన మాట, దీనికి మూలలున్నాయేమిటి అని. నీళ్లకు అడ్డంగా, గోడకు కొంచెం ఇవతల, పైన రంగురంగుల జెండాలు కట్టి ఉన్నాయి. "ఏం సార్, ఇయ్యాల ఏమన్న పండుగనా?" అన్నాడు చిన్నాయన. అప్పటిదాకా మాకు కబడ్డీ తప్ప మరొకటి నేర్పని సార్ ఆ జెండాలను తేరిపార చూసి, "మంత్రి గిట్ల వస్తుండొచ్చు" అన్నాడు.

యాభై మీటర్ల పోటీ. గోడకున్న కమ్మీ పట్టుకుని నీళ్లలో వేలాడుతుంటే కూత పడింది. గుండ్రటి బావిలో మూడేళ్లు చుట్లు తిరిగిన ఒళ్లు నాది, తిన్నగా ఎలా పోతుంది? ఎడమకు తిరిగి వరుసల మధ్య తాడుకు రాసుకుంటూ, మళ్లీ దారికొచ్చి, మళ్లీ రాసుకుంటూ పోయాను. అయినా వేగంగానే పోతున్నట్టు తెలుస్తోంది. బావిలో అయితే గోడ దగ్గరపడగానే ఒడ్డున కూర్చున్న చిన్నాయన "గోడ!" అని అరిచేవాడు, నేను చటుక్కున బోర్లా తిరిగి మోటారు పైపు పట్టుకునేదాన్ని. ఇక్కడ ఆయన్ను పైన మెట్ల మీద జనంలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచే గొంతు చించుకుని "గోడ! గోడ!" అని అరిచాడట. చెవుల్లో నీళ్లు, నాకేం వినపడుతుంది? గోడ ఎంత దూరముందో చూద్దామని బోర్లా తిరిగాను. రెండు చేతుల దూరంలో ఉంది. వెళ్లి ముట్టుకున్నాను. రెండో స్థానం! చిన్నాయన అప్పటికప్పుడే ఇంటికి ఫోన్ చేసి, "వదినా, పిల్ల రెండో నంబరొచ్చింది, దావతే" అన్నాడు. తీరా పేర్లు చదివితే అందులో నా పేరు లేదు. గోడ ముట్టేదాకా వీపు మీదే ఉండాలట, నేను తిరిగానని పోటీ నుంచి తీసేశారు. మరి కనబడని గోడను ముట్టేదెట్లా అని చిన్నాయన అడిగితే, అక్కడున్న పెద్దాయన పైన జెండాలు చూపించాడు. జెండాల కింది నుంచి గోడ అయిదు మీటర్లు. జెండాలు కనబడగానే చేతులు లెక్కపెట్టుకోవాలి, అంతే. మంత్రి కోసం కట్టారనుకున్న జెండాలవి. సార్ వాచీ చూసుకుని, బస్సు దొరకదేమోనని తొందరపెట్టాడు.

ఇంటికి మళ్లీ ఫోన్ చేయడానికి చిన్నాయనకు నోరు రాలేదు. నేరుగా వెళ్లి చెప్పాం. అమ్మ అంతా విని, "నీళ్లల్ల బోర్ల పడుడు గూడ తప్పేనా?" అంది. తర్వాత తన మాట తను చెప్పింది. వచ్చే ఏడు ఒక్కసారి పోనిస్తుంది. మొదటి ముగ్గురిలో ఉంటే రాష్ట్ర జట్టు, స్పోర్ట్స్ హాస్టల్ సీటు, అమ్మ అడ్డం చెప్పదు. లేదంటే ఈత బంద్, మెదక్‌లోనే బైపీసీ. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. చెబితే నవ్వుతారు కానీ ఆ రోజు నిజంగా గుండెలో మంట పుట్టింది. ఓడిపోయి ఉంటే అంత బాధపడేదాన్ని కాదు. రెండో స్థానంలో వచ్చి, గోడను నమ్మలేక వెనక్కి చూసి పోగొట్టుకున్నాను. ఇక వెనక్కి చూడకూడదనుకున్నాను.

ఆ సంవత్సరం నన్ను చూసిన మా వాడకట్టు వాళ్లు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు. బడికి వెళ్లే దారిలో సగం దూరం వెనక్కి నడిచేదాన్ని, మెడ తిప్పకుండా. (ఒకసారి పాలాయన బర్రెకు గుద్దుకున్నాను. అది ఏమీ అనలేదు, పాలాయన అన్నాడు.) చిన్నాయన బావి మీద అడ్డంగా తాడు కట్టి, అమ్మ పాత చీర పేలికలు జెండాల్లా వేలాడదీశాడు. అవతలి గోడకు టేపు పట్టి సరిగ్గా అయిదు మీటర్లు కొలిచాడు. పేలికలు కనబడగానే ఆయన లెక్క మొదలుపెట్టేవాడు, "లాభం... రెండు... మూడు... నాలుగు... ఐదు!" మా ఇళ్లల్లో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆయనకు తెలిసిన లెక్క అదే, నాకూ అదే వచ్చింది. అయిదు చేతులు వేసి ఆరో చెయ్యి చాస్తే రాయి తగిలేది. వేళ్లు పగిలాయి, మోచేయి గీసుకుపోయింది, రెండుసార్లు నెత్తి బొప్పి కట్టింది. ఎండల్లో నీళ్లు అడుక్కు పోతే తాళ్లు పట్టుకుని దిగేదాన్ని. జ్వరమొచ్చిన మూడు రోజులు తప్ప ఒక్క రోజూ మానలేదు. పోటీలకు నెల ముందు మా సాధన చూద్దామని పీఈటీ సార్ వచ్చాడు. కాసేపు విని, "లాభమేంది? ఇదేమన్న వడ్ల కుప్పనా? పట్నంల నలుగురు ఇంటె నవ్వుతరు. ఒకటి అను" అని గట్టిగా కసిరాడు. ఆ నెలంతా నోటితో ఒకటి అన్నాను. లోపల మాత్రం అదే లాభం.

మళ్లీ హైదరాబాద్, మళ్లీ అదే కొలను. చిన్నాయన ఈసారి అరవనని ఒట్టు పెట్టుకుని, తువ్వాల నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. కూత పడింది. తిన్నగానే పోతున్నాను. పక్క వరుసలో పొడుగు పిల్ల ముందుంది, అటు పక్క పిల్ల నాతో సమానంగా ఉంది, ఆ రెండే తెలుస్తున్నాయి. జెండాలు వచ్చాయి. లాభం, అనుకున్నాను. వెంటనే సార్ ముఖం గుర్తొచ్చి, ఒకటి, అనుకున్నాను. అంటే రెండో చేతిని ఒకటి అన్నాను. ఇక మీకు తెలిసిపోయింది. రెండు, మూడు, నాలుగు. ఇంకో చెయ్యి ఉంది కదా అని ఉన్న బలమంతా పెట్టి గుంజాను. పక్కవాళ్లు చెయ్యి చాచి గోడను అందుకుంటుంటే, నేను పూర్తి వేగంతో నెత్తితో వెళ్లి గుద్దాను. టెంకాయ కొట్టిన చప్పుడైందని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. కళ్ల ముందు చుక్కలు కనబడ్డాయి. కానీ ఒక్క సంగతి గట్టిగా పట్టుకున్నాను. తిరగలేదు. నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా వెల్లకిలానే ఉన్నాను.

వేలెడు తేడాతో మూడో స్థానం. వెంటనే నాలుగో పిల్ల కోచ్ లేచి, "చెయ్యి తగలలేదు, ఎట్ల ఇస్తరు?" అని పేచీ పెట్టాడు. అధికారులు నలుగురు ఒకచోట మూగారు. నెత్తి మీద ఐస్ సంచి పెట్టుకుని వాళ్లనే చూస్తున్నాను. నా హాస్టలు, నా ఈత, అన్నీ అక్కడ గొణుక్కుంటున్న ఆ నలుగురి నోట్లో ఉన్నాయి. పెద్ద రెఫరీ మేడం నా దగ్గరికి వచ్చి, "గోడ తగిలినప్పుడు ఎట్లున్నవమ్మా?" అంది.

"ఎల్లెలుకలనే ఉన్న మేడం."

ఆమె నా వరుస దగ్గర నిలబడ్డ అధికారి వైపు చూసింది. ఆయనా అవునన్నాడు. "వీపు మీద ఉండి గోడను ముట్టాలని ఉన్నది. చేత్తోనే ముట్టాలని లేదు. చెల్లుతది" అంది మేడం. చిన్నాయన నోట్లోంచి తువ్వాల అప్పుడు తీశాడు. ఈసారి పతకం నా మెడలో పడి, ఫోటో తీసి, సంతకాలయ్యాకే ఇంటికి ఫోన్ చేశాడు. సంగతంతా విని అమ్మ, "ఇన్నేండ్లకు దాని తలకాయ ఒక పనికొచ్చింది" అందట. ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి గారెలు చేసి పెట్టింది. నా నెత్తిని తడుముతూ కూర్చుని, తినేదాకా లేవలేదు.

ఆ తర్వాత నేను జాతీయ పోటీలకు మూడుసార్లు వెళ్లాను. ఫైనల్‌కు ఒక్కసారీ చేరలేదు. నాకన్నా చెయ్యి పొడుగున్నవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. అయినా ఎనిమిదేళ్లు ఈదాను, ఇష్టంగా ఈదాను. ఇప్పుడు మెదక్‌లోనే పిల్లలకు నేర్పుతున్నాను. చిన్నాయనకు మోకాళ్లు పట్టేశాయి, పొలం పనులు కావు. రోజూ సాయంత్రం వచ్చి కొలను పక్కన కుర్చీలో కూర్చుంటాడు. ఊరికే కూర్చుంటే బాగుండేది.

మొన్న జిల్లా పోటీలకు పిల్లలను తయారు చేస్తున్నాను. పక్క జిల్లా కోచ్‌లు కూడా చూడటానికి వచ్చారు. మా పిల్లలు ఆరుగురూ వరుసగా జెండాల కిందికి రాగానే ఒక్క గొంతుతో, "లాభం... రెండు... మూడు..." వచ్చిన కోచ్‌లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆపుండ్రి! లాభమేంది? ఇదేమన్న వడ్ల కుప్పనా?" అని కసిరాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మాటో తెలియలేదు. పిల్లలు బిక్కముఖం వేసి, గోడ పట్టుకుని నన్నే చూస్తున్నారు. కుర్చీలో చిన్నాయన ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు. నా చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి పోయింది. బొప్పి ఎప్పుడో తగ్గింది కానీ అక్కడ చిన్న గట్టు ఇంకా తగులుతుంది. విజిల్ నోట్లో పెట్టుకున్నాను.

"మళ్ల మొదలుపెట్టుండ్రి. లాభం నుంచే."