అక్కకు నేనిచ్చిన బలం గోలీలు

మొన్న రక్తపరీక్ష చూసిన డాక్టరు నాకు బి-ట్వెల్వ్ తక్కువగా ఉందని, మూడు నెలలు గోలీలు వేసుకోమని రాసిచ్చారు. వేసుకోవలసిందేనని నాకూ తెలుసు. అయినా ఆ గోలీల షీటు చేతిలో పట్టుకుని పొద్దుటినుంచి హాలుకూ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. మా అక్క జ్ఞాపకం నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

నా కుర్రతనంలో నేను లాలాగూడలో ఒక మందుల షాపులో కొత్తగా పనికి కుదిరాను. రైల్వే వర్క్‌షాపు కార్మికులు ఒళ్లునొప్పులకూ జ్వరానికీ ముందు మా కౌంటరు దగ్గరికే వచ్చేవారు, అది మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, దాంతో నాకు సగం డాక్టరునైనంత గర్వం. అక్క బొల్లారంలో టీచరు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేది. రెండో కాన్పు తర్వాత నోరు పూసి, పెదవుల మూలలు పగిలి, అన్నం తినలేక అవస్థపడుతుంటే డాక్టరు రాసిన బి-కాంప్లెక్స్ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. కొద్దిరోజుల్లోనే నోరు మాని ముఖం తేటపడింది. మూత్రం పచ్చగా వస్తోంది, కామెర్లేమోనని ఆమె భయపడితే, అది మందు రంగేనని నవ్వాను.

డాక్టరు రాసింది నెల రోజులకే. నేను రెండేళ్లు ఇచ్చాను. నీరసమంటే ఇంకొకటి, ఒళ్లు తూలిందంటే బి-సిక్స్ అనే విటమిన్ మోతాదు ఎక్కువున్న గోలీ. "ఏం కాదక్కా, ఎక్కువైతే మూత్రంలనే పోతది" అని ఎవరి దగ్గరో విన్న మాటను నా సొంత చదువులాగా చెప్పాను.

తర్వాత ఆమె అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారినా తెలియకుండా పోయింది. నరాల బలహీనత అనుకుని మోతాదు ఇంకా పెంచాను. ఒక ఆదివారం కీర్తన మధ్యలో వేళ్లకు మెట్లు అందక ఆమె ఆగిపోయింది.

బావ ఆసుపత్రికి తీసుకెళితే నేనూ వెంట వెళ్లాను. మొద్దుబారడానికి కారణం షుగరేమోనని పరీక్ష చేశారు, అది లేదు. ఇంట్లో ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరమ్మ అడిగితే, అక్క నావైపు చూసి ఏమీ లేవంది. నన్ను కాపాడడానికే అలా అంటోందని నాకు తెలిసింది.

"నేనే ఇచ్చిన, డాక్టరమ్మా. రెండేండ్ల సంది ఇస్తున్న" అని జేబులోని గోలీల షీటు ఆమె ముందు పెట్టాను.

బి విటమిన్లన్నీ ఒకటి కావనీ, ఈ బి-సిక్స్ ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే నరాలనే దెబ్బతీస్తుందనీ చెప్పి, ఆమె ఆ రోజే మాన్పించారు. నడక ఏడాదికి కుదుటపడింది గానీ వేళ్లకు పాత చురుకు పూర్తిగా తిరిగి రాలేదు. హార్మోనియం ముందు చోటు ఒక శిష్యురాలికి ఇచ్చేసి అక్క వెనక బెంచీలో కూర్చునేది. బావ చాలాకాలం నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం ఒక్కసారే, "నా మంచికే ఇచ్చినవు గదరా" అంది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ తర్వాత కౌంటరులో ఉన్నన్నాళ్లూ, ఎవరు రాశారు, ఎన్నాళ్లకు రాశారు అని అందరినీ అడిగేవాణ్ని, విసుక్కునేవాళ్లు విసుక్కునేవారు. ఇప్పుడు ఫోనులో నొక్కితే బలం గోలీల డబ్బా గుమ్మంలోకి వస్తుంది, తెచ్చినవాడికి లోపల ఏముందో కూడా తెలియదు. మా కాలంలో తప్పు చేయడానికైనా, ఆ తప్పు ఒప్పుకోవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.