తాతయ్య ఆకుపచ్చ పెయింటు

మా తాతయ్య మిలటరీ నుంచి రిటైరై వచ్చాడు గానీ, ఆ సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. మొగల్తూరు పక్కన మా ఊళ్ళో, సాయంత్రం ప్రార్థనకి ముందు ఇంటిల్లిపాదినీ వరసలో నిలబెట్టి హాజరు తీసుకునేవాడు. పొయ్యి మీద పులుసు పొంగిపోతున్నా సరే, అమ్మమ్మ కూడా వచ్చి "ప్రెజెంట్ సార్" అనాల్సిందే. నాకు ఒళ్ళు మండిపోయేది. మా పేర్లు దేవుడికి తెలీవా?

ఈస్టరుకి ముందు సమాధులకి సున్నం వేయడం మా వాళ్ళ ఆనవాయితీ. పండగ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని అందరం అక్కడికి వెళ్తాం. ఒక ఏడు తాతయ్య, తన ట్రంకుపెట్టెకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు తీసుకెళ్ళి వాళ్ళమ్మ సమాధికి వేసి వచ్చాడు.

"తెల్లగా ఉంటే విమానాలకి కనపడిపోద్ది," అన్నాడు.

"పోయినావిడ మీద బాంబెవడేస్తాడండీ?" అంది అమ్మమ్మ.

"వేసేవాడు నిన్నడిగి వేస్తాడా?"

పండగనాడు చినతాతయ్య, అంటే తాతయ్య తమ్ముడు, ఆ సమాధి ముందు కొవ్వొత్తితో నిలబడిపోయాడు. "అమ్మని మిలటరీలో చేర్చేశావా అన్నయ్యా!" అని అందరి ముందూ బావురుమన్నాడు. మర్నాడే దానిమీద సున్నం కొట్టేశాడు. ఆయిల్ పెయింటు మీద సున్నం నిలుస్తుందా? మొదటి వానకే పెచ్చులూడి, పాపం ఆవిడ సమాధి గజ్జి పట్టినట్టు తయారైంది. దీనికి కారణం నువ్వంటే నువ్వనుకుని అన్నదమ్ములకి మాటలు పోయాయి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ముందు సహోదరుడితో సమాధానపడి, అంటే రాజీపడి, ఆ తర్వాతే బలిపీఠం దగ్గరికి రమ్మని బైబిల్లో వాక్యం. తాతయ్యకి అది పైనుంచి వచ్చిన ఆర్డరు. చర్చిలో ప్రభురాత్రి భోజనం, అదే రొట్టె, ద్రాక్షరసం పంచడం, మొదలవగానే లేచి, కవాతు చేసుకుంటూ బయటికెళ్ళి, బూట్లు తొడుక్కుని గేటు దగ్గర కాపలా కాసేవాడు. ఆ రొట్టెముక్క కోసం ఆయన ప్రాణం ఎంత కొట్టుకునేదో మాకు తెలుసు. అప్పుడప్పుడూ కాపలా మర్చిపోయి కిటికీలోంచి లోపలికి చూసేవాడు.

ప్రయత్నం మాత్రం మానలేదు. ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి, ఇస్త్రీ చొక్కాకి పతకాలు పెట్టుకుని, చినతాతయ్య గుమ్మం ముందు అటెన్షన్‌లో నిలబడేవాడు.

"సమాధానపడదామా?"

"తప్పు నీదని ఒప్పుకో అన్నయ్యా."

"నాది కాదు."

"అయితే వెళ్ళిరా."

తాతయ్య వెనక్కి తిరిగి వచ్చేసేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలు. కాకపోతే శనివారం పూట ఎవరింట్లో పెళ్ళైనా చినతాతయ్య ఊరు దాటేవాడు కాదు.

కిందటి వానాకాలంలో తాతయ్య మంచం పట్టాడు. ఒక శనివారం పాస్టరుగారు రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చారు. తాతయ్య నోరు బిగించేశాడు.

"ఆర్డరు మారలేదండి."

పాస్టరుగారు నచ్చజెప్పారు, బతిమాలారు. అమ్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఈయన ఆ ముక్క నోట్లో పడకుండానే పోతాడేమోనని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఆరు దాటింది. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. చూస్తే చినతాతయ్య, ఆయాసపడుతూ.

"ఏంటి, ఇవాళ రాలేదేంటి?" అన్నాడు కోపంగా.

తాతయ్య పడుకునే కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చాడు. "సమాధానపడదామా?"

చినతాతయ్య మంచం మీద కూలబడ్డాడు. "అమ్మకి ఆకుపచ్చే వేస్తాలే అన్నయ్యా. నువ్వు తీసుకో."

తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "వద్దురా. అమ్మకి తెలుపే బాగుంటది. నాకు వెయ్యి."

అని పాస్టరుగారి వైపు తిరిగి నోరు తెరిచాడు.

ఈ ఈస్టరుకి తెల్లటి సమాధుల వరసలో తాతయ్యదొక్కటే ఆకుపచ్చగా ఉంది. చినతాతయ్యే దగ్గరుండి రెండు కోటింగులు వేయించాడు. మొన్న శనివారం వాళ్ళింటికి వెళ్తే, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. దోమలు ముసురుతున్నాయి, లోపలికి రండి చినతాతయ్యా అన్నాను.

"ఉండవే, ఆరు దాటనీ," అన్నాడు.