మా మామ అట్టపెట్టె విమానం

మా మామ ఇక లేడని మొన్న పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులివి, లోపలికి ఎవరినీ రానివ్వలేదు. అమ్మ తన తమ్ముణ్ణి చివరిసారి వీడియో కాల్‌లోనే చూసింది. ఆక్సిజన్ మాస్కుతోనే ఆయన నర్సుకు ఏదో సైగ చేస్తున్నాడట. మంచం పక్కన లైటు స్విచ్చీ, నర్సును పిలిచే స్విచ్చీ ఒకేలా ఉన్నాయి, ఒకదానికి టేపు చుట్టమని. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నేనూ అంతే.

మామ ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసి, బయటికొచ్చాక పైలట్ లైసెన్సు తీసుకుని, ఇక్కడ ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాడు. మాది సిరిసిల్ల నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతకడానికి సూరత్ వచ్చిన కుటుంబం. డిండోలిలో మా గల్లీ మొత్తానికీ ఆయన విమానం సారు. ఆటో ఎక్కినా సరే, ముందున్న కడ్డీ మీద చెయ్యి తిప్పి, గట్టిగా బ్రేకు వేస్తే పళ్లు ఎక్కడ తగులుతాయో చూసుకునేవాడు. డ్రైవర్లు ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు.

మీరు రెండు సీట్ల విమానం ఎక్కి ఉండకపోతే, ఏం పోగొట్టుకున్నారో చెప్పడం నా వల్ల కాదు గానీ ప్రయత్నిస్తాను. మామ నన్ను మొదటిసారి ఎక్కించుకున్నప్పుడు ముక్కు కిటికీ అద్దానికి ఆనించి కూర్చున్నాను. నేల జారిపోయింది, అంతే. డుమస్ నల్ల ఇసుక, తాపీ నది బురదనీళ్లు సముద్రంలో కలిసే చోట ఒక గీత, హజీరా దగ్గర ఆగిన ఓడలు, తిరిగి లోపలికొస్తే కడోదరా మిల్లుల రేకులు ఎండకు మెరుస్తూ, వాటి వెనక చెరుకు తోటలు. మా మేడ మీద అమ్మ ఆరేసిన చీర కనిపించిందని ఒట్టేసి చెప్పాను. పచ్చి అబద్ధం, డిండోలిలో ఏ మేడ చూసినా చీరలే. దిగాక మామ ఎట్లా ఉందని అడగలేదు, మోకాలికి ఏదైనా తగిలిందా అని అడిగాడు.

ఆ రోజే పైలట్ కావాలని పట్టుబట్టాను. మామ దగ్గరే నేర్చుకున్నాను. ఇంకొన్ని రోజులైతే ఒంటరిగా ఎగరాలి, సరిగ్గా అప్పుడే లాక్‌డౌన్ వచ్చి పడింది. నాకు తిండి సహించలేదు. మామ మాత్రం మార్కెట్‌లో మూతబడ్డ దుకాణాల నుంచి చీరల పార్సిల్ అట్టపెట్టెలు తెచ్చి, కోసి, ఒక్కో స్టూడెంటుకు ఒక్కో కాక్‌పిట్ తయారుచేశాడు. కుర్చీలో కూర్చుని, కళ్లకు చున్నీ కట్టుకుని, వీడియో కాల్‌లో ఆయన చెప్పినట్టు చేతులు కదపాలి. సాంచాలు ఆగి ఇంట్లోనే ఉన్న నాన్న నా వెనక నిలబడి ఇంజిన్ చప్పుడు చేసేవాడు.

ఇక్కడ కొంచెం విమానం సంగతి చెప్పాలి. మా విమానంలో రెండు నాబ్‌లు ఉండేవి. దిగేటప్పుడు ఇంజిన్‌కు వేడిగాలి అందాలంటే ఒకటి బయటికి లాగాలి. రెండోది లాగితే పెట్రోలు ఆగిపోతుంది, అది నేల మీద ఇంజిన్ ఆపడానికి. రెండూ గుండ్రం, రెండూ నునుపు, పాత విమానం కాబట్టి రంగు కూడా ఎప్పుడో అరిగిపోయింది. మామకు ఇది ఎప్పుడూ కంట్లో నలుసే. అందుకే అట్టపెట్టెలో వేడిగాలికి నున్నటి బాబిన్ ముక్క, పెట్రోలుకు గీతలున్న టూత్‌పేస్టు మూత అంటించాడు. నెలల తరబడి మా వేళ్లు అవే నేర్చుకున్నాయి, ఆయనవి కూడా.

క్లబ్బు తెరిచాక మొదటిసారి మామ, నేను కలిసి ఎగిరాం. చాన్నాళ్లకి ఆకాశం దొరికితే మనిషికి ఎట్లా ఉంటుందో నేను వేరే చెప్పాలా, మాస్కులోపల పళ్లికిలిస్తూనే ఉన్నాను. దిగడం ఎట్లాగో మొదట తానే చూపిస్తానన్నాడు. నది మీద మలుపు తిరిగి, కళ్లు బయట పెట్టి, చెయ్యి చాపి, వేలికి నున్నగా తగిలిన నాబ్ లాగాడు. చెవులకు గడియపెట్టినట్టు నిశ్శబ్దం. ప్రొపెల్లర్ గాలికి ఊరికే తిరుగుతోంది. మామ ఆ పెట్రోలు నాబ్ మళ్లీ లోపలికి నొక్కాడు, ఇంజిన్ దగ్గి అందుకుంది.

"చూసినవా కోడలా," అన్నాడు, "నా చెయ్యి అట్టపెట్టెను నమ్మింది."

నేల మీదికొచ్చాక ఇంజిన్ కాస్త మొరాయించిందని చెప్పేస్తే పోయేది. క్లబ్బు మేనేజరూ అదే సలహా ఇచ్చాడు. మామ కాంట్రాక్టు ఆ నెలలోనే మళ్లీ రాయాలి, చెయ్యి తప్పిన పెద్దమనిషిని ఎవరు పెట్టుకుంటారని కూడా గుర్తుచేశాడు. మామ స్టూడెంట్లందరి ముందూ తానే తప్పు నాబ్ లాగానని చెప్పాడు. అది మార్చేదాకా తన చేతి మీదుగా ఎవరూ ఒంటరిగా ఎగరరన్నాడు. అంటే ఆయన ఉద్యోగం, నా ఆకాశం రెండూ ఆ ఒక్క నాబ్‌కు వేలాడుతున్నాయి. నేను అలిగి భోజనం మానేస్తే, పళ్లెం నా ముందుకు జరిపి ఒకే మాట అన్నాడు.

"చెయ్యి తప్పిందని చెయ్యిని తిడితే ఏం ఫాయిదా? అది పోయిన జాగ చూడాలె."

మర్నాటి నుంచి హ్యాంగర్‌లో ఆగి ఉన్న విమానం పక్కన నిలబడి, వచ్చినవాళ్లనల్లా కూర్చోబెట్టి, కళ్లు మూయించి, వేడిగాలి నాబ్ లాగమనేవాడు. పైలట్లు లాగారు, కొందరు తప్పారు. చివరికి మేనేజరే, ఒకప్పుడు బాగా ఎగిరినవాడు, నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. లాగాడు. కళ్లు తెరిచి చేతిలో ఏముందో చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే పెట్రోలుకు కొత్త నాబ్ కావాలని ఆర్డరు వెళ్లింది. ఎర్రగా, అంచంతా గీతలతో వచ్చింది. మామ కాంట్రాక్టూ నిలిచింది.

చలి మొదలైన ఒక పొద్దున మామ కుడివైపు సీటులోంచి దిగి, ఖాళీ బెల్టును బిగించి, తలుపు వేసి, నడిచి వెళ్లిపోయాడు. ఒక్కదాన్నే పైకి లేచాను. ఆ తేలికదనం, ఆ బంగారు ఎండ, గొంతు చించుకుని అరిచాను, వినేవాళ్లెవరూ లేరు. అంతకుముందు ఏ స్టూడెంటు ఒంటరిగా ఎగిరినా, వాళ్లు దిగేదాకా మామ రన్‌వే పక్కన నిలబడి, పైకెత్తిన తల దించేవాడు కాదు. మలుపు తిరుగుతూ కిందికి చూశాను. నాన్న, మేనేజరు, స్టూడెంట్లు అందరూ ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. వాళ్లకు కాస్త దూరంగా మామ నా వైపు వీపు పెట్టి, ఫైరింజన్ మెట్టు మీద కూర్చుని, తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.